ఇంట్లోని ఖురాన్ ప్రతులు, హుస్సేన్ ప్రింట్లు తిరుపతిలో ప్రదర్శనకు పెట్టాలంటే

ప్రశ్న, క్లుప్తంగా: "మా మేనమామ హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ చాలా ఏళ్లపాటు కొన్న కళాఖండాలు ఇప్పుడు చిత్తూరులో మా ఇంటికి చేరాయి. చేతిరాత ఖురాన్ ప్రతులు, పారశీక పుస్తకాలు, విడి కాలిగ్రఫీ పేజీలు, కొన్ని మినియేచర్ బొమ్మలు, బిద్రీ సామాన్లు ఉన్నాయి. వాటితోపాటు చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ సెరిగ్రాఫులు (స్క్రీన్ ప్రింట్లు), లక్ష్మాగౌడ్ ఎచింగులు (లోహపు రేకు మీద గీసి కాగితం మీదికి దించినవి), కొన్ని ఆయిల్ పెయింటింగులు. అన్నీ కలిపి 140 దాకా ఉంటాయి. తిరుపతిలో పది రోజులు ప్రదర్శన పెట్టాలనుంది. పర్మిషన్లు ఏం కావాలి? పాతవీ కొత్తవీ కలిపి పెట్టొచ్చా? ఊళ్లో ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని టెన్షన్‌గా ఉంది."

సమాధానం:

ఉద్యోగమంతా మ్యూజియంలలో వస్తువులు బాగుచేయడం, అమర్చడం పనిలో గడిపి తిరుపతిలో స్థిరపడ్డవాణ్ని. మీరడిగిన మూడింటికీ చెబుతాను. కానీ మీరు అడగనిది ఒకటి వీటికంటే ముందుంది: ఆ 140లో ఏవి ఇంట్లోనే ఉండిపోవాలి? సొంత సేకరణల ప్రదర్శనలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మామయ్య ఇష్టపడి కొన్నవి కదా, ఒక్కటీ వదలబుద్ధి కాదు. అన్నీ గోడలకెక్కుతాయి. చూసేవాళ్లకు సగం దూరం పోయేసరికే కళ్లు అలిసిపోతాయి. పది రోజులకు 35 నుంచి 40 వస్తువులు చాలు.

హైదరాబాద్‌లోనే దీనికి రెండు ఉదాహరణలున్నాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కంటికి నచ్చినదల్లా కొన్నారు. ఆయన పోయాక 1951లో ఆయన నివాసం దివాన్ దేవిడిలో ఆ సేకరణను ప్రజలకు తెరిచారు, 1968లో ఇప్పటి భవనానికి మార్చారు. అంత పెద్ద భవనం కాబట్టి సరిపోయింది. రెండోది జగదీశ్, కమలా మిత్తల్ దంపతుల సేకరణ. చిత్రకారుల కన్నుతో ఏరి ఏరి కొన్నది, 1976లో ట్రస్టుగా మారింది. మీ మామయ్య గారు ఏ పద్ధతిలో కొన్నా సరే, మీరు ప్రదర్శన మాత్రం మిత్తల్ దంపతుల పద్ధతిలో పెట్టండి.

ఏరడానికి ముందు చేతిలో ఉన్నదేమిటో తేల్చుకోవాలి. మీ చేతిరాత ఖురాన్లలో కొన్ని లిథో ప్రింట్లు అయి ఉండొచ్చు. 19వ శతాబ్దంలో, ముఖ్యంగా 1858లో లక్నోలో మొదలైన నవల్ కిశోర్ ప్రెస్ లాంటి చోట్ల, కాతిబు (చేతిరాత లేఖకుడు) రాసిన పేజీని రాతిపలక మీదికి దించి పెద్ద సంఖ్యలో అచ్చువేశారు. మామూలు కంటికి అది చేతిరాతే. పదింతలు చూపే భూతద్దం పెట్టి చూడండి. కలంతో రాసిన అక్షరంలో సిరా సాగిన చోట పలచగా, కలం ఆగిన చోట చిక్కగా ఉంటుంది. లిథోలో నలుపంతా ఒకే తీరు. ఇంకో పరీక్ష ఉంది. గది చీకటి చేసి, టార్చిని పేజీ పక్కన దాదాపు కాగితం మట్టానికి పట్టుకోండి. రాయబోయే ముందు కాతిబు దారాలు బిగించిన అట్ట మీద కాగితం పెట్టి చేత్తో నొక్కేవాడు. దాన్ని మిస్తర్ అంటారు. రంగు లేకుండానే వరుసలు పడేవి. ఆ నొక్కుల నీడలు కనిపిస్తే చేతిరాత అనడానికి బలమైన ఆధారం దొరికినట్టే. లిథో అని తేలిందని చిన్నబుచ్చుకోకండి. లేబుల్ మీద లిథో అనే రాస్తే అదీ చూడదగ్గదే.

మినియేచర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. పాత పుస్తకం నుంచి చింపిన పేజీ మీద కొత్తగా బొమ్మ వేసి, మొఘల్ కాలం నాటిదని అమ్మే వ్యాపారం దశాబ్దాలుగా నడుస్తోంది. కాగితం నిజంగానే పాతది, అందుకే మోసపోతారు. బొమ్మ అంచుల కింద అక్షరాలు దూరిపోయి కనిపించినా, రాతలో ఉన్న విషయానికీ బొమ్మకూ పొంతన లేకపోయినా దాన్ని పక్కన పెట్టేయండి.

అరబీ లిపిలో ఉన్న ప్రతిదీ ఖురాన్ కాదని కూడా గుర్తుంచుకోండి. ఫ్రేము కట్టి హాల్లో వేలాడుతున్నది గజల్ కావచ్చు, వైద్యం చిట్కా కావచ్చు, పొలం అమ్మకం కాగితం కావచ్చు. పారశీకం చదవగలిగినవాళ్లకు అన్నీ చూపించండి. హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఆ శాఖ ఉంది. పుస్తకం చివరి పేజీలో రాసినవాడి పేరు, హిజ్రీ సంవత్సరం ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి. హిజ్రీ ఏడాదికి 354 రోజులే కాబట్టి ఏదో ఒక అంకె కలిపేస్తే సరిపోదు. హిజ్రీ 1100 అంటే 1688-89, హిజ్రీ 1300 అంటే 1882-83. నా మటుకు, ఆర్కాటు నవాబుల కాలం దస్తావేజు ఒక్కటి దొరికినా బంగారు పూత పూసిన పేజీకంటే ముందు దాన్నే పెడతాను. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, ఆ జిల్లాకు కేంద్రమే చిత్తూరు. సొంత ఊరి పేరు ఆ లిపిలో చూసినవాళ్లు అక్కడ ఆగుతారు.

ఆధునిక ప్రింట్ల సంగతి సులువు. సెరిగ్రాఫు అడుగున పెన్సిలుతో ఎడిషన్ నంబరు, సంతకం ఉన్నాయా చూడండి. సంతకం కూడా బొమ్మతోపాటే అచ్చయి ఉంటే అది పోస్టరు. ఎచింగుకైతే బొమ్మ చుట్టూ లోహపు రేకు నొక్కిన అంచు కాగితంలో దిగి ఉండాలి. ఆయిల్ పెయింటింగులకు కొన్న రసీదు, గ్యాలరీ కాగితం, పాత ఫోటో లాంటివి లేకపోతే పెద్ద పేర్లు రాయకండి.

ఇక వస్తువు ఒంటి పరిస్థితి. సెల్లో టేపు అంటించినవి, లామినేషన్ చేసినవి, బైండింగ్ విరిగినవి ప్రదర్శనకు పనికిరావు. ఇంట్లో పీకే ప్రయత్నం కూడా చేయొద్దు. పాత పేజీల్లో ఆకుపచ్చ రంగు ఉన్నచోట వెనక్కి తిప్పి చూడండి. రాగి చిలుముతో చేసిన ఆ పచ్చ కాగితాన్ని నెమ్మదిగా కాల్చేస్తుంది. వెనకవైపు గోధుమరంగు మరక కనిపిస్తే ఆ పేజీ కదలికకు తట్టుకోదు. ఫ్రేము విప్పితే వెనక ప్లైవుడ్డో మామూలు అట్టో ఉంటుంది, వాటి ఆమ్లం ఏళ్ల తరబడి కాగితంలోకి దిగుతూనే ఉంటుంది. యాసిడ్-ఫ్రీ మౌంట్ బోర్డు తెప్పించి మార్పించండి. కాగితాన్ని బోర్డుకు ఫెవికాల్‌తో అంటించనివ్వకండి. మూలల్లో పారదర్శకమైన పాలియెస్టర్ జేబులు, లేదా జపాన్ కాగితం ముక్కలు గోధుమ గంజితో, అంతే. బిద్రీ సామాన్లను బ్రాసోతో తోమాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిసిన లోహం మీద వెండి పొదిగిన పని. నల్లదనం మురికి కాదు, బీదర్ పనివాళ్లు కోట మట్టితో కావాలని తెప్పించింది. తోమితే వెండి పువ్వు మెరుస్తుంది గానీ వెనకున్న రాత్రిలాంటి నలుపు పోతుంది.

పర్మిషన్ల విషయానికి వస్తే, 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం మీకు వర్తిస్తుంది. అది 1976 నుంచి అమల్లో ఉంది. మామూలు వస్తువులకు వందేళ్లు, విలువున్న చేతిరాత ప్రతులకు 75 ఏళ్లు దాటితే పురావస్తువు కిందే లెక్క. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. అయితే శిల్పాలు, మినియేచర్లతో సహా చిత్రాలు, బొమ్మలూ అలంకారాలూ ఉన్న చేతిరాత ప్రతులు, చెక్కిన కొయ్యపని లాంటి రకాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మామయ్య గారి కాగితాల్లో ఆ సర్టిఫికెట్లు ఉన్నాయేమో ముందు వెతకండి. ఉంటే, వస్తువు చేతులు మారిందని రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. లేకపోతే ఫోటోలతో దరఖాస్తు చేసుకోండి. ప్రదర్శన తేదీ ప్రకటించకముందే ఈ పని ముగించడం మంచిది. అదే చట్టం కింద తొమ్మిదిమంది ఆధునిక చిత్రకారుల పనులకు కళానిధుల హోదా ఉంది: రవివర్మ, రవీంద్రనాథ్, గగనేంద్రనాథ్, అవనీంద్రనాథ్, నందలాల్ బోస్, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్, శైలోజ్ ముఖర్జీ, నికొలస్ రోరిక్. వీళ్లలో ఎవరి బొమ్మైనా మీ దగ్గరుంటే దేశం దాటించలేరు. ఏనుగు దంతం పొదిగిన కలందాన్ (కలాల పెట్టె) లాంటిది ఉంటే అటవీ శాఖ నిబంధనలు వేరే. ఆ కాగితాలు లేకుంటే అది ఇంట్లోనే ఉండాలి.

కేటలాగు వేస్తామంటారు చూడండి, అక్కడ కాపీరైట్ గుర్తుంచుకోండి. బొమ్మ మీ సొంతం, దాన్ని అచ్చువేసే హక్కు మీది కాదు. చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు ఆ హక్కు వారసులదే. హుస్సేన్ 2011లో పోయారు కాబట్టి 2071 చివరిదాకా. పోస్టరుకు, కేటలాగుకు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, లేదంటే పోస్టరు మీద 17వ శతాబ్దం పేజీ వేసుకోండి, గొడవ లేదు.

చోటు, కాలం. తిరుపతి ఎండలకు కాగితం బయటికి తీయొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ. మిగిలింది జనవరి రెండో భాగం నుంచి మార్చి మొదటి వారం దాకా. అందులోనూ రథసప్తమి చుట్టుపక్కల రోజులు వదిలేయండి, ఊళ్లో రూములూ దొరకవు, వ్యాన్లూ కదలవు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ నెల ఎప్పుడొస్తుందో క్యాలెండర్ చూసుకోండి. మీకు ముఖ్యమైన చూపరులు ఉపవాసాల్లో ఉన్నప్పుడు సాయంత్రం ప్రారంభోత్సవం పెట్టడం బాగుండదు.

కల్యాణ మండపం చవకే, కానీ వంటశాల పొగ, అగరుబత్తి, ఫోకస్ లైట్లు. హోటల్ హాలు కాస్త నయం. అయితే రాత్రి ఏసీ ఆపేస్తారేమో అడగండి. పగలు చల్లగా పొడిగా, రాత్రి వేడిగా తేమగా మారుతుంటే కాగితం సాగుతూ ముడుచుకుంటూ రంగు పెచ్చులు లేస్తాయి. ఏసీ 24 గంటలు నడవాలి, లేదా అసలు వద్దు. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే హాయి. యూనివర్సిటీ హాలు దొరికితే నా ఓటు దానికే. ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలు, కాగితపు ప్రతులు చూసుకునేవాళ్లున్నారు, మాట సాయమైనా దొరుకుతుంది. కొండ మీద మాత్రం ఆలోచనే పెట్టుకోకండి, టీటీడీ హాళ్లను కూడా అడగకండి. వాటి ఉద్దేశం వేరు, వాళ్లను ఇరకాటంలో పెట్టడం ఎందుకు?

వెలుతురు లెక్క ఒక్కటి చెబుతాను, ఇది మాత్రం బేరం లేనిది. కాగితం, నీటిరంగులు, బట్ట వీటికి 50 లక్సులు (లక్స్ అంటే వస్తువు మీద పడే వెలుతురు కొలత). ఆయిల్ పెయింటింగుకు 200 దాకా పర్వాలేదు. త్వరగా వెలిసిపోయే రంగులకు ఏడాది మొత్తానికి 15,000 లక్స్-గంటలు మించకూడదని అంతర్జాతీయ లెక్క. రోజుకు 8 గంటలు, పది రోజులు, 50 లక్సులు అంటే 4,000. అదే మామూలు ఆఫీసు వెలుతురు 400 లక్సుల్లో పెడితే 32,000. అంటే రెండేళ్లకు పైబడిన కోటా పది రోజుల్లో అయిపోయింది. వెలిసిన రంగును ఎవరూ వెనక్కి తేలేరు. లక్స్ మీటరు ఒకటి కొనండి, ఫోన్ యాప్‌ను నమ్మకండి. కిటికీలకు మందపాటి నల్లగుడ్డ కట్టించండి. మసకగా ఉందని వచ్చినవాళ్లు గొణుగుతారు. ప్రవేశం దగ్గర చీకటి నడవా లాంటిది కొద్దిగా కల్పిస్తే కళ్లు అలవాటుపడతాయి. ఫ్లాష్ వద్దని బోర్డు పెట్టండి. కొత్త ప్లైవుడ్ షోకేసులు చేయిస్తే నాలుగు వారాలైనా ముందు చేయించి గాలికి ఉంచండి. ఆ జిగురు, పెయింటు ఆవిర్లు లోపలి వస్తువులకు చేటు.

చిత్తూరు నుంచి తెచ్చేటప్పుడు పార్సిల్ వ్యాను వద్దు, ఏసీ కారు. బబుల్ కవరు ఆయిల్ పెయింటింగు ముఖానికి తగలకూడదు, బుడగల అచ్చు దిగిపోతుంది. ఉతికిన మల్లుగుడ్డ లోపల, బబుల్ కవరు బయట. పెట్టెలు హాల్లో ఒక రోజంతా మూసే ఉంచి తర్వాత విప్పండి. ప్రతి వస్తువుకూ బయల్దేరేముందు, దించాక ఫోటోలు తీయండి. ఇన్సూరెన్సు గోడ మీంచి తీసినప్పటి నుంచి తిరిగి గోడకెక్కే దాకా ఉండాలి, ముందే ఒప్పుకున్న విలువ మీద. మంటలు ఆర్పే సిలిండర్లు కార్బన్ డయాక్సైడ్‌వి అడగండి. పొడివి చల్లితే మంట ఆరుతుంది, పుస్తకం పోతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, నాకు ఇష్టమైనది. పాతవీ కొత్తవీ కలిపే పెట్టండి. కానీ ఒక గదిలో ఇస్లామిక్, ఇంకో గదిలో మోడర్న్ అని మాత్రం పంచకండి. హుస్సేన్ పుట్టుక చూసి ఆయన గుర్రాలను ఖురాన్ పేజీ పక్కన పెట్టడం అంతకంటే పొరపాటు. ఆయన హైదరాబాద్‌లో కళాపోషకుడు బద్రీ విశాల్ పిట్టీ అండతో రామాయణం బొమ్మలు వేసినవాడు. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా బిందువు వేశాడు. పేరు ఒక మతంలో ఉన్నంత మాత్రాన బొమ్మ ఆ మతానిది కాదు. అటువైపు నుంచి చూసినా అంతే. బీజాపూర్ సుల్తాను రెండో ఇబ్రహీం ఆదిల్‌షా (పాలన 1580-1627) సరస్వతిని స్తుతిస్తూ పాటలు కట్టాడు. మీ బిద్రీ హుక్కా కుండకు ఏ మతం అంటగడతారు?

మీ వస్తువులను కలిపే దారం గీత. మిస్తర్ నొక్కులు కనిపించేలా పక్క వెలుతురులో ఒక పాత పేజీ పెట్టండి. దాని పక్క గోడ మీద లక్ష్మాగౌడ్ ఎచింగు. లోహపు రేకు మీద సూదితో గీసిన గీతకూ రెల్లు కలంతో గీసిన గీతకూ తేడా చూడమని ఒక్క వాక్యం రాయండి. జరీనా హష్మీ 1999లో ఉర్దూ మాటల చుట్టూ 36 ఉడ్‌కట్లు చేసింది. నస్రీన్ మొహమ్మదీ (1937-1990) జీవితమంతా సన్నని సిరాగీతలతోనే గడిపింది. వాళ్ల పనులు మీ దగ్గర లేకపోయినా ఒక ప్యానెల్‌లో నాలుగు మాటలు చెప్పొచ్చు.

ఈ గీతకు మన దగ్గరే ఇంకో కొస ఉంది. శ్రీకాళహస్తిలో వెదురు కలానికి గుడ్డ చుట్టి, కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద, ఇనుప తుక్కు బెల్లంలో నానబెట్టిన కసిమితో గీస్తారు. మచిలీపట్నం అద్దకంవాళ్లేమో ఇరాన్ మార్కెట్టు కోసం మసీదు గూడు ఆకారంలో నమాజు గుడ్డలు వేశారు. శ్రీకాళహస్తి నుంచి ఒక కళాకారుడిని పిలిచి, ప్రదర్శన జరిగే రోజుల్లో హాలు బయట కూర్చుని గీయమనండి. ఖురాన్ చదవలేని వాళ్లకు కూడా కలం పట్టిన చెయ్యి అర్థమవుతుంది. మొదటి ప్యానెల్ మీద చంద్రగిరి రాజమహల్ ఆర్చీల గురించి రాయండి. విజయనగర రాజుల కోట అది, ఆ ఆర్చీలు దక్కను సుల్తానుల కట్టడాల తీరు. తిరుపతివాళ్లు చిన్నప్పటి నుంచి చూసినవే. గుర్రంకొండలో మీర్ రజా అలీఖాన్ మక్బరా (సమాధి), 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గర హైదర్ అలీ చనిపోవడం, ఇవి కూడా ఒక చిన్న మ్యాపు మీద గుర్తుపెడితే 'ఇదంతా ఎక్కడిదో' అనే దూరం తగ్గుతుంది.

లేబుళ్లు తెలుగులో ముందు, పెద్ద అక్షరాల్లో. అరవై మాటలు దాటనివ్వకండి. ఏమిటి, ఎప్పటిది, ఎక్కడిది, దేనితో చేశారు, మామయ్య చేతికి ఎలా వచ్చింది. ఆఖరిదాన్ని జనం తప్పకుండా చదువుతారు.

అభ్యంతరాల గురించి మీ భయం అర్థమైంది, కానీ అది రెండు వైపుల నుంచీ రావచ్చు. ముందు ఖురాన్ ప్రతుల విషయం. ఊళ్లో పెద్ద మసీదు ఇమాంగారినో, పెద్దలనో ఇంటికి పిలిచి జాబితా చూపించండి, టీ ఇచ్చి నెమ్మదిగా. ప్రతులు నడుము ఎత్తుకు పైన ఉండాలి, అడుగు అరలో వద్దు. మనుషుల బొమ్మలున్న గోడకు ఆనుకుని వద్దు. పుస్తకాన్ని పూర్తిగా పరచకుండా 100 డిగ్రీల దాకా మాత్రమే తెరిచి, దన్నుగా ఊయల లాంటి స్టాండు పెట్టండి. ప్రవక్త రూపం ఉన్న పాత బొమ్మ ఏదైనా ఉంటే, అది ఎంత గొప్పదైనా, ఈ ప్రదర్శనకు కాదు. రెండోది హుస్సేన్. దేవతలను నగ్నంగా వేశారని 1996 నుంచి ఆయన బొమ్మల మీద జరిగిన గొడవలు, ఆయన చివరికి దేశం వదిలి ఖతార్ పౌరుడిగా పోవడం, అందరికీ తెలుసు. అది న్యాయమని నేను అనను. కానీ పుణ్యక్షేత్రంలో మీరు మొదటిసారి పెడుతున్న ప్రదర్శనలో దేవతల బొమ్మలు పెట్టి, మిగతా 39 వస్తువులనూ దాని వెనక దాచేయడం నాకు తెలివైన పనిగా కనిపించదు. గుర్రాలు, లాంతరు, గొడుగు చాలు. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో నగ్నంగా ఉన్నవి కూడా బడిపిల్లలు వచ్చే హాలుకు వద్దు. స్థానిక పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేయండి, రాత్రి కాపలా, సీసీ కెమెరా పెట్టించండి. పేరు విషయంలో 'ఇస్లామిక్ కళా ప్రదర్శన' అనకుండా 'కలం, రేకు, రంగు: ఒక ఇంటి సేకరణ' లాంటిదేదైనా పెడితే ఇష్టమున్నవాళ్లు వస్తారు, లేనివాళ్లు ఊరుకుంటారు.

మీరు అడగలేదు గానీ, మొదటి రోజే ఎవరో ఒకరు వచ్చి 'ఇది ఎంత?' అంటారు. పాత వస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, హాల్లో ధరల చీటీలు కనిపించకూడదు. దుబాయ్‌లో మంచి ధర వస్తుంది, మేమే పంపిస్తాం అని చెప్పేవాళ్లు కూడా వస్తారు. పురావస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం నేరం. వాళ్లకు టీ కూడా ఇవ్వకండి.